పొగను పక్క పేటకు పంపించాం

మా వీధిలో ట్రావెల్స్ బస్సులు ఆగకూడదని కోరుతూ ఎస్.ఆర్. నగర్‌లో మా కాలనీ వాళ్ళం అర్జీ పెట్టినప్పుడు, దాన్ని రాసింది నేనే. సర్కారు బడిలో భౌతికశాస్త్రం చెప్పి రిటైరైన మనిషిని, నాలుగు మాటలు పద్ధతిగా రాయగలనని ఆ పని నాకు అప్పగించారు. అర్జీలో కోరింది ఒక్కటే: ఈ బస్సుల్ని ఇక్కణ్ణుంచి తీసేయండి. తీసి ఎక్కడ పెట్టాలో రాయలేదు. ఆ ప్రశ్న నాకు తట్టలేదు, సంతకాలు పెట్టిన వాళ్ళలో ఎవరికీ తట్టలేదు. డీజిల్ పొగ విషయంలో నా తెలివితక్కువతనమంతా ఆ ఒక్క కాగితంలో ఉంది. నగరంలో ఇప్పటికీ అలాంటి కాగితాలు రాస్తున్న కాలనీలు ఉన్నాయి కాబట్టి, నా కాగితం ఏం చేసిందో చెప్పాలనిపించింది.

మా ప్రాంతం తెలియని తెలుగువాళ్ళు తక్కువ. అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టుపక్కల కంప్యూటరు కోర్సుల కోసం రెండు రాష్ట్రాల నుంచీ పిల్లలు వస్తారు. వాళ్ళుండే హాస్టళ్ళు ఎస్.ఆర్. నగర్, బల్కంపేట, బాపూనగర్ సందుల్లో ఉంటాయి. నీలం సంజీవరెడ్డి పేరు పెట్టుకున్న ఈ కాలనీలో ఒకప్పటి డాబా ఇళ్ళు చాలావరకు ఇప్పుడు నాలుగంతస్తుల హాస్టళ్ళయ్యాయి. హాస్టళ్ళున్న చోటికి ట్రావెల్స్ బస్సులు రావడం సహజం. విజయవాడ, విశాఖ, నెల్లూరు, తిరుపతి, బెంగళూరు, ఏ ఊరికి టికెట్టు కొన్నా ఎక్కే చోట్లలో మా పేరుండేది. చీకటి పడ్డాక బస్సులు ఒకదాని వెనక ఒకటి వచ్చి నిలిచేవి. వచ్చినవి వెంటనే కదిలేవి కావు. ట్రాఫిక్‌లో చిక్కుకున్న వాళ్ళ కోసం, ఫోన్ చేసి ‘అయిదు నిమిషాలన్నా, వచ్చేస్తున్నా’ అనే వాళ్ళ కోసం అరగంటో ముప్పావుగంటో ఆగేవి. ఆగినంతసేపూ ఇంజను ఆడుతూనే ఉండేది. శుక్రవారాలు, పండగ ముందు రోజులు ఇక చెప్పనక్కర్లేదు.

మాది రెండో అంతస్తు. బాల్కనీలో కుండీలో కరివేపాకు మొక్క ఉంది. రెబ్బ తుంచి నీళ్ళలో జాడిస్తే గిన్నె అడుగున నల్లటి నూగు దిగేది. వేలితో రుద్దితే జిడ్డుగా అంటుకునేది, మామూలు దుమ్ములా రాలిపోయేది కాదు. కిటికీ జాలీ తుడిచిన గుడ్డ ఎన్నిసార్లు ఉతికినా తెల్లబడేది కాదు. మా పక్కింటి కోడలికి ఉబ్బసం. రాత్రి పది దాటాక ఆ పిల్ల కిటికీలన్నీ బిగించుకుని దగ్గుతుంటే మా వంటింట్లోకి వినిపించేది. కాబట్టి మా కోపంలో తప్పు లేదు. కోపంలో తప్పు లేదు గనుక చేసే పనిలోనూ తప్పుండదని నమ్మాను. నేను మొదట దారి తప్పింది అక్కడే.

ఈ మసి ఏమిటో తెలియక కాదు. గాలి సరిగా అందకపోతే మంట పసుపు రంగుకు తిరుగుతుందని, గిన్నె అడుగు మసిబారుతుందని బర్నరు వెలిగించి ఏటా పిల్లలకు చూపించినదాన్ని. డీజిల్ ఇంజనులో ఇంధనం సన్నటి తుంపరగా సిలిండరులో పడుతుంది. గాలితో పూర్తిగా కలిసేలోపే అంటుకుంటుంది. కలవని చోట కార్బను మసిగా మిగిలిపోతుంది, దాని మీద సగం కాలిన నూనెలు పూతలా పట్టుకుంటాయి. ఆ రేణువులు ముక్కులో ఆగేంత పెద్దవి కావు, ఊపిరితిత్తుల చివరి గాలిగదుల దాకా పోతాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2012 జూన్‌లో డీజిల్ పొగను మొదటి వర్గంలో, అంటే మనుషులకు క్యాన్సర్ తెస్తుందని రుజువైన వాటిలో, పొగాకు, ఆస్బెస్టాస్ పక్కన చేర్చింది. ఇదంతా అర్జీలో రాశాను. చదివినవాళ్ళు టీచర్ గారు ఎంత బాగా రాశారని మెచ్చుకున్నారు. అయితే ఆ తీర్మానానికి ఆధారమైంది ఎవరి ఊపిరితిత్తులో నేను పట్టించుకోలేదు. డీజిల్ యంత్రాల మధ్య పనిచేసిన గని కార్మికులు, రైల్వే కార్మికులు, లారీ డ్రైవర్లు. కాలనీలో ఇళ్ళున్నవాళ్ళు కాదు. ఆ సంగతి పట్టించుకుని ఉంటే ఆ రోజుల్లో వీధిలోకి దిగి డ్రైవర్ల మీద అరిచి ఉండేదాన్ని కాదు. ‘ఆపవయ్యా బాబూ, ఇక్కడ మనుషులుంటున్నారు’ అని నేను కేకలేస్తే, గొట్టానికి అందరికంటే దగ్గరగా ఉండే ఆ మనిషి తలదించుకుని క్యాబిన్‌లోకి ఎక్కేవాడు.

కళ్ళను నమ్మడం ఇంకో పొరపాటు. నల్లగా పొగ కక్కే పాత బస్సులనే మేము ఫొటోలు తీసేవాళ్ళం. తెల్లగా మెరుస్తూ వచ్చే కొత్త బస్సుల జోలికి పోలేదు. ‘మావి బీఎస్ 6 బండ్లు మేడమ్’ అంటే సరేనన్నాను. బీఎస్ 6 చిన్న సంగతేమీ కాదు. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతా అమల్లోకి వచ్చింది. డీజిల్‌లో గంధకం పది లక్షల పాళ్ళలో 50 పాళ్ళ నుంచి 10కి తగ్గింది. బస్సులకు మసిని పట్టే వడపోత వచ్చింది. నైట్రోజన్ ఆక్సైడ్లను విరగ్గొట్టడానికి, డ్రైవర్లు యాడ్‌బ్లూ అని పిలిచే యూరియా ద్రావణం వచ్చింది. రోడ్డు మీద పరుగెత్తే బండికి ఇవన్నీ బాగా పనిచేస్తాయి. ఒకచోట నిలబెట్టి ఇంజను ఆడిస్తే పరిస్థితి వేరు. గొట్టంలోకి వచ్చే పొగ సుమారు 200 డిగ్రీల వేడి దాటితేగానీ యూరియా పద్ధతి సరిగా పనిచేయదు. ఊరికే ఆడుతున్న ఇంజను పొగ అంత వేడెక్కదు. వడపోతలో చేరిన మసి కాలిపోవడానికి ఇంకా వేడి కావాలి, అది అందకపోతే వడపోత పూడుకుపోతుంది. మెకానిక్కులందరికీ తెలిసిన సంగతే, నేనే ఎవర్నీ అడగలేదు. కంటికి కనిపించని నైట్రోజన్ ఆక్సైడ్లు పక్కింటి కిటికీ దాకా వస్తుంటే నేను కనిపించే నలుపు వెంట పడ్డాను.

అంకె విషయంలోనూ అలాగే చేశాను. కాలుష్య నియంత్రణ మండలి ప్రధాన కార్యాలయం పర్యావరణ భవన్ సనత్‌నగర్ పారిశ్రామికవాడలో, మా ఇంటికి దగ్గర్లోనే ఉంది. సనత్‌నగర్‌లో మండలి నడిపే గాలి నాణ్యత స్టేషను అంకె రోజూ ఫోనులో చూసేదాన్ని. చలికాలంలో అది పైకెగబాకిన రోజు బొమ్మ తీసి కాలనీ గ్రూపులో పెట్టేదాన్ని. ఒకసారి ఒక ట్రావెల్స్ మేనేజరు అదే స్టేషను అంకెను, వానలు కురిసిన వారంలోది, నా ముందుపెట్టాడు. ‘ఆకుపచ్చగా ఉంది చూడండమ్మా. ఆ వారం కూడా మా బస్సులన్నీ ఇక్కడే ఆగాయి కదా’ అన్నాడు. నా నోట మాట రాలేదు. అలాంటి స్టేషను ఒక ప్రాంతమంతా కమ్ముకున్న గాలిని కొలుస్తుంది. బస్సు వెనక మూడడుగుల దూరంలో సంచీ తగిలించుకుని నిలబడ్డ కుర్రాడు పీల్చే గాలిని అది కొలవదు.

ఈ తేడాను న్యూయార్క్‌లో హార్లెం వాళ్ళు 1996లోనే పట్టుకున్నారని తరవాత చదివాను. మన్‌హాటన్ నగర బస్సుల డిపోలు చాలావరకు ఆ దీవి ఉత్తరాన, నల్లజాతివారు, లాటిన్ అమెరికా నుంచి వచ్చినవారు ఎక్కువగా ఉండే పేటల్లోనే ఉండేవి. అక్కడ పెగ్గీ షెపర్డ్, మరికొందరు కలిసి 1988లో వీ యాక్ట్ అనే సంఘం పెట్టుకున్నారు. 1996 వేసవిలో ఆ సంఘం కొలంబియా విశ్వవిద్యాలయం వాళ్ళతో కలిసి, పేటలోని కుర్రకారును కాలిబాటల మీద నిలబెట్టి బస్సులు, లారీలు, నడిచే మనుషులను లెక్కపెట్టించింది, అదే సమయంలో అక్కడి గాలిని కొలిచింది. సన్నటి ధూళి మొత్తం చూస్తే ఒక కూడలికీ మరో కూడలికీ పెద్ద తేడా లేదు: ఘనపు మీటరుకు 37 నుంచి 47 మైక్రోగ్రాముల మధ్యే. డీజిల్ గొట్టం నుంచి వచ్చే మసిని విడిగా కొలిస్తే మాత్రం ఒకచోట 1.5, ఇంకోచోట 6. నాలుగు రెట్లు. బస్సులు, లారీలు ఎక్కువున్న చోట మసి ఎక్కువ. మేనేజరు ప్రశ్నకు ఇది జవాబు. ఈ మొత్తం వ్యవహారంలో నేను అందరికంటే ఎక్కువ గౌరవించే పని ఆ పిల్లలు చేసిందే, ఎందుకంటే వాళ్ళు కోపాన్ని ముందు లెక్కగా మార్చుకున్నారు. మా అర్జీలో కోపం ఉంది, లెక్క లేదు.

అయినా మా అర్జీ పనిచేసింది. కార్పొరేటరు స్థాయిలో మాట్లాడేవాళ్ళు, పైఅధికారుల ఫోన్ నంబర్లున్నవాళ్ళు మా కాలనీలో ఉన్నారు. కొన్నాళ్ళకు బస్సులు నిలపరాదని బోర్డు వచ్చింది, రాత్రిపూట కాపలాకు మనిషి కూడా వచ్చాడు. బస్సులు వెళ్ళిపోయాయి. కాలనీ సమావేశంలో నాకు శాలువా కప్పారు. ఆ వారం కిటికీలు తెరుచుకుని పడుకున్నాం. పక్కింటి కోడలు వచ్చి నా చేతులు పట్టుకుంది. ఆ పిల్ల సంతోషం ఇప్పటికీ నాకు విలువైనదే, దాన్ని తక్కువ చేయను.

ఆ వేసవిలో బెంగళూరులో ఉన్న మా అమ్మాయి దగ్గరికి బయల్దేరాను. టికెట్టు మీద ఎక్కే చోటు ఎర్రగడ్డ అని ఉంది. ఎస్.ఆర్. నగర్ నుంచి మెట్రోలో రెండో స్టేషను. కాస్త ముందే చేరుకున్నాను. పెద్దవాళ్ళు ఇప్పటికీ టీబీ ఆస్పత్రి అని పిలిచే ఛాతీ ఆస్పత్రి ఉన్న వైపే, రోడ్డు పక్కగా మా బస్సు నిలబడి ఉంది. దాని ముందు రెండు, వెనక ఇంకొన్ని. మా బస్సు ఇంజను ఆపి ఉంది. ఎక్కి కూర్చున్నాను. లోపల ఉక్క. చీర కొంగుతో విసురుకుంటూ కాసేపు చూశాను. తరవాత ముందుకు వెళ్ళి ‘ఏం బాబూ, ఏసీ వెయ్యవా?’ అని అడిగాను. డ్రైవరు నా వైపు ఒకసారి చూసి, మారుమాట్లాడకుండా ఇంజను స్టార్ట్ చేశాడు.

సీట్లోకి వచ్చి కిటికీ తెర పక్కకు జరిపాను. కాలిబాట మీద గోడకు ఆనుకుని కొందరు కూర్చున్నారు. లోపల వార్డుల్లో ఉన్న రోగుల తాలూకు మనుషులు, పొద్దున్నే ఓపీ చీటీ కోసం ఊళ్ళ నుంచి రాత్రే వచ్చినవాళ్ళు. స్టీలు క్యారియర్లు, దుప్పటి మూటలు, ఎక్స్‌రే కవరు. ఒక ముసలాయన మోకాళ్ళ మీద చేతులు ఆనించి, ముందుకు వంగి, నోటితో గాలి తీసుకుంటున్నాడు. మా బస్సు వణికి ఇంజను అందుకోగానే ఆయన పక్కనున్న ఆవిడ తన కొంగు తీసి ఆయన ముక్కుకు అడ్డం పెట్టింది. విసుక్కోలేదు, బస్సు వైపు చూడను కూడా చూడలేదు. అలవాటైన పనిలా చేసింది. వాళ్ళకు కాస్త ఇవతల టీ బండి. మా వీధిలో ఎన్నో ఏళ్ళుగా పెట్టుకున్న బండే అది. ఆ బండి నడిపే తమ్ముడు పాల గిన్నె మీద పళ్ళెం మూసి, తల తిప్పి, కిటికీలో నన్ను చూశాడు.

కిందికి దిగాను. డ్రైవరుతో ‘ఆపెయ్ బాబూ, నేనే కదా అడిగాను, వద్దులే’ అన్నాను. అప్పటికి బస్సులో పదిమంది దాకా ఎక్కారు. ఒక కుర్రాడు లోపలినుంచే, ‘ఆంటీ, చాలా ఉక్కగా ఉంది’ అన్నాడు. వాడిది న్యాయమే. టికెట్టుకు డబ్బులు కట్టాడు. ఇంజను ఆగలేదు. టీ బండి దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. ‘బస్సులు యాడుంటే గాడనే నా బేరం గదమ్మా’ అన్నాడతను. ‘మీ గల్లీల వద్దంటిరి, ఈడికొచ్చినయి. ఈడ కూసున్నోళ్ళకు కాలనీ ఏడుంది? ఇయ్యాల ఉంటరు, రేపు పోతరు.’ టీ గ్లాసు నా చేతికిచ్చాడు. డబ్బులిస్తే తీసుకోలేదు. ఆ మాటలో నామీద కోపం లేదు, ఉన్న సంగతి చెప్పాడంతే.

మా వీధిలో సంతకాలు పెట్టడానికి ఇళ్ళ యజమానులున్నారు, సంఘానికి లెటర్‌హెడ్ ఉంది, రాయడానికి నేనున్నాను. ఆస్పత్రి గోడ పక్కన కూర్చునేవాళ్ళు మెదక్ నుంచో నల్గొండ నుంచో వస్తారు, మనిషి కోలుకుంటేనో కోలుకోకపోతేనో వెళ్ళిపోతారు. వాళ్ళు అర్జీ ఎప్పుడు రాస్తారు? పొగను అడ్డుకునే శక్తి లేని చోటును వెతికి పెట్టింది ట్రావెల్స్ వాళ్ళు మాత్రమే కాదు, వాళ్ళను అటు తోసిన చేతుల్లో నాదీ ఒకటి. దగ్గేవాళ్ళ మధ్య నుంచి తీసి, ఇంకా ఎక్కువ దగ్గేవాళ్ళ మధ్య పెట్టాం. ఇంత చేసి నగరం గాలిలో ఒక్క గ్రాము మసి కూడా తగ్గలేదు.

ఆ రాత్రి జడ్చర్ల దాటాక ధాబా దగ్గర బస్సు ఆగినప్పుడు డ్రైవరు పక్కన కూర్చుని మాట్లాడాను. ప్రకాశం జిల్లా మనిషి. ఇంజను ఎందుకు ఆపరో నిజంగా తెలుసుకోవాలని అడగడం అదే మొదటిసారి. ‘ఆపితే ఏసీ ఆగిపోద్దమ్మా. మా బండికి ఏసీ నడిచేది ఇంజను మీదే. లోపల ఉక్కపోస్తే కూర్చున్నోళ్ళు ఆఫీసుకు ఫోన్ కొడతారు, ఆఫీసోళ్ళు నాకు కొడతారు. రేటింగ్ తగ్గిందంటే నా బత్తాలో కోస్తారు. ఆపమనే వాళ్ళు రోడ్డు మీద, ఆపొద్దనే వాళ్ళు బండిలో. నేనేం చెయ్యను చెప్పండి’ అన్నాడు. కాసేపాగి, ‘పగలు మేము పడుకునేది బండి డిక్కీలోనే. పక్క బండి ఆడతానే ఉంటది. పొగ మాకు ఇష్టమనుకుంటున్నారా?’ అన్నాడు. ఆ మనిషి దగ్గు నేను విన్నాను. మా పక్కింట్లో వినిపించే దగ్గులాంటిదే.

తిరిగొచ్చాక తెలుసుకోవాల్సినవి తెలుసుకోవడం మొదలుపెట్టాను. ముందు పొల్యూషన్ సర్టిఫికెట్టు సంగతి. ప్రతి బస్సు అద్దం వెనకా అది ఉంటుంది, మరి పొగ ఎందుకు వస్తుందన్నది నా సందేహం. పెట్రోలు బంకు పక్కన నిలబెట్టే పరీక్ష వ్యాను దగ్గరికి వెళ్ళి చూశాను. బండిని న్యూట్రల్‌లో పెట్టిస్తారు. వెనక గొట్టంలో ఒక గొట్టపు కొస దూర్చుతారు. డ్రైవరు యాక్సిలరేటరును ఒక్కసారిగా చివరిదాకా తొక్కి వదులుతాడు, అలా కొన్నిసార్లు. బయటికి వచ్చిన పొగలోంచి వెలుతురు ఎంత దాటిపోయిందో మీటరు చెబుతుంది. పాత బండ్లకు 2.45, బీఎస్ 4 బండ్లకు 1.62, దాన్ని మించకపోతే సర్టిఫికెట్టు వచ్చేస్తుంది. అంటే కొలిచేది వెలుతురుకు అడ్డుపడే మసిని మాత్రమే, బరువు లేకుండా తొక్కిన ఆ కొన్ని క్షణాల్లో మాత్రమే. ముప్పావుగంట నిలబడి ఆడిన ఇంజను వదిలిన నైట్రోజన్ ఆక్సైడ్ల సంగతి ఆ కాగితం చెప్పదు. పైగా మన రోడ్ల మీద తిరిగే ట్రావెల్స్ బస్సుల్లో చాలావాటి నంబర్లు అరుణాచల్ ప్రదేశ్‌వి, నాగాలాండ్‌వి. అఖిల భారత టూరిస్టు పర్మిటు మీద దేశమంతా తిరగొచ్చు. ఇలాంటి బండ్ల మీద ఒక కాలనీ వీధి బోర్డు పెట్టి ఏం సాధిస్తుంది?

ఢిల్లీలో జరిగింది వేరు. అక్కడా జనం ఊపిరాడకే మొదలైంది. న్యాయవాది ఎం.సి. మెహతా 1985లో వేసిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 1998 జులై 28న, నగర బస్సులన్నీ సీఎన్‌జీకి మారాలని ఆదేశించింది. ఏ వీధిలో ఆగాలి, ఏ వీధిలో ఆగకూడదు అన్న చర్చ కాదు, మొత్తం బస్సుల ఇంధనమే మారాలన్నది తీర్పు. గడువులు దాటాయి, జనం బస్సుల్లేక రోడ్ల మీద పడ్డారు, అయినా కోర్టు తగ్గలేదు. 2002 ఏప్రిల్ 5న డీజిల్‌తో తిరిగే ఒక్కో బస్సుకు రోజుకు 500 రూపాయలు, ఆ పైన వెయ్యి చొప్పున జరిమానా వేసింది. ఆ ఏడాది చివరికి ఢిల్లీ బస్సులు మారాయి. 2003 ఆగస్టులో అదే కోర్టు గాలి చెడిన నగరాల జాబితాలో హైదరాబాద్‌ను చేర్చి, కార్యాచరణ ప్రణాళిక అడిగింది. అదే ఏడాది ఇక్కడ సీఎన్‌జీ అందించడానికి గెయిల్, హెచ్‌పీసీఎల్ కలిసి భాగ్యనగర్ గ్యాస్ సంస్థను పెట్టాయి. ఈ చరిత్రంతా నా కళ్ళముందు, నేను ఉద్యోగంలో ఉన్న రోజుల్లో, పత్రికల్లో వచ్చిందే. చదివి పక్కన పెట్టాను. పొగ మా కిటికీ దాకా వచ్చినప్పుడు మాత్రమే అది నా విషయమైంది.

ఇప్పుడు డీజిల్‌కు బదులు లేదని ఎవరూ అనలేరు. 2019 మార్చిలో మన ఆర్టీసీ 40 విద్యుత్ బస్సుల్ని విమానాశ్రయం రూట్లలో తిప్పడం మొదలుపెట్టింది. 2022 సెప్టెంబరు 27న తిరుమల ఘాట్ రోడ్డు మీద విద్యుత్ బస్సులు ఎక్కాయి. 2023 మే 16న మియాపూర్ నుంచి విజయవాడకు ఈ-గరుడ బస్సులు బయల్దేరాయి. ఒకసారి ఛార్జి చేస్తే 325 కిలోమీటర్లు వెళ్తాయి, విజయవాడ 270 కిలోమీటర్లే. కేంద్రం పీఎం ఈ-డ్రైవ్ పథకం కింద హైదరాబాద్‌కు 2,000 విద్యుత్ బస్సులు కేటాయించింది. తెలంగాణ ప్రభుత్వం 2024 నవంబరు 18 నుంచి విద్యుత్ వాహనాలకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ ఫీజు మినహాయించింది. విద్యుత్ బస్సు నిలబడి ఏసీ వేసుకున్నా పొగ రాదు, దానికి గొట్టమే ఉండదు.

ఇక్కడ నాకు నేనే వేసుకున్న ప్రశ్న ఒకటుంది. కరెంటు ఎక్కణ్ణుంచి వస్తోంది? రామగుండం బొగ్గు నుంచి కూడా కదా. ఎర్రగడ్డకు పంపిన పొగనే ఇప్పుడు రామగుండం పంపుతున్నానా? ఒకసారి కాలు జారాను కనుక తేలిగ్గా వదల్లేకపోయాను. బొగ్గు పొగ కింద బతికే రామగుండం వాళ్ళకు మనం బాకీ ఉన్నాం, అది కాదనలేను. కానీ విద్యుత్ మోటారు శక్తిని డీజిల్ ఇంజనులా సగానికి పైగా వేడిగా పోగొట్టదు. ఒక ఎత్తైన చిమ్నీకి బూడిద పట్టే యంత్రం పెట్టి నిఘా వేయవచ్చు, ముక్కు ఎత్తున ఉన్న వేల గొట్టాలకు అలా చేయలేం. అదే రామగుండం జలాశయం మీద 100 మెగావాట్ల తేలియాడే సౌర ఫలకాలు 2022 నుంచి పనిచేస్తున్నాయి. అంటే బస్సు మారితే దాని పొగ తగ్గే దారి తెరుచుకునే ఉంటుంది. బస్సును పక్క పేటకు తోస్తే ఏ దారీ తెరుచుకోదు.

ఈ మధ్య మళ్ళీ అర్జీ రాశాం. ఈసారి కాలనీ పేరు మీద కాదు. హాస్టల్ పిల్లలు కొందరు నాతో వచ్చి, ఎర్రగడ్డలోనూ అమీర్‌పేటలోనూ రోడ్డు పక్కన నిలబడి ఏ బస్సు ఎంతసేపు ఇంజను ఆడించిందో నోటుపుస్తకంలో రాశారు. పెద్ద బస్సు ఊరికే ఆడితే గంటకు రెండు మూడు లీటర్ల డీజిల్ పోతుంది, ఏసీ వేస్తే ఇంకా ఎక్కువ. లీటరు 95 రూపాయలు దాటింది. లీటరు కాలితే రెండున్నర కిలోలకు పైగా కార్బన్ డయాక్సైడ్. ఈ లెక్క చూపించినప్పుడు ఒక ట్రావెల్స్ యజమాని మొదటిసారి కుర్చీలో ముందుకు జరిగి విన్నాడు. పొగ అన్నప్పుడు వినని మనిషి తన డీజిల్ డబ్బు అన్నప్పుడు విన్నాడు. అది తప్పని నేననను, వినడం ముఖ్యం.

మా వీధిలో బోర్డు తీసేయమని కూడా రాద్దామని సమావేశంలో అన్నాను. ఎవరూ ఒప్పుకోలేదు. పక్కింటి కోడలు లేచి, ‘టీచర్ గారూ, మీ మనసు అర్థమైంది, అది మాత్రం వద్దండీ’ అంది. ఆ పిల్ల ముఖం చూసి ఇంకేమీ అనలేకపోయాను. ఇందులో ఏది ధర్మమో నాకు ఇప్పటికీ తేలలేదు. బోర్డు అలాగే ఉంది.

అర్జీలో అడిగింది ఇది. ఆస్పత్రి, బడి దగ్గరలో ఎక్కడా పికప్పు పాయింటు ఉండకూడదు. మిగతా చోట్ల, అది ఎవరి వీధైనా సరే, బస్సు ఆగిన అయిదు నిమిషాల్లో ఇంజను ఆపాలి. ప్రయాణికులు కూర్చోవడానికి ఫ్యాన్లున్న గది ట్రావెల్స్ వాళ్ళే చూపించాలి, బయల్దేరే ముందే బస్సు రావాలి. విజయవాడ దూరం లోపు ఊళ్ళకు తిరిగే బస్సుల్లో ఏటా కొన్ని విద్యుత్‌కు మారాలి, ఆ షరతు రాష్ట్రంలో నడిచే ప్రతి కంపెనీకీ, బండి నంబరు ఏ రాష్ట్రానిదైనా, వర్తించాలి. టీ బండి తమ్ముడు సంతకం చేశాడు. ఆస్పత్రి గోడ పక్కన ఆ రాత్రి ఉన్నవాళ్ళను కూడా అడిగాం. కొందరు వేలిముద్ర వేశారు.

డ్రైవర్ల దగ్గరికి వెళ్తే వాళ్ళు కాగితం చదివి తిరిగి ఇచ్చేశారు. ‘ఇంజను ఆపమని రాశారు, ఆపినందుకు మా బత్తా కోస్తే ఎవరిస్తారమ్మా?’ అని అడిగారు. అక్కడే టీ బండి మీద కాగితం పరుచుకుని, ఇంజను ఆపిన కారణంగా డ్రైవరు జీతంలోగానీ బత్తాలోగానీ కోత పెట్టకూడదని, ప్రయాణికుల ఫిర్యాదును యాజమాన్యమే భరించాలని చేత్తో ఒక వాక్యం చేర్చాను. అప్పుడు సంతకాలు పెట్టారు. కూకట్‌పల్లి నుంచి, లక్డీకాపూల్ నుంచి ఇప్పుడు నాకు ఫోన్లు వస్తున్నాయి, మీ వీధికి ఆ బోర్డు ఎలా తెచ్చుకున్నారో చెప్పండని. బోర్డు సంగతి చెప్పను. ఈ కాగితం పట్టుకుని వాళ్ళ దగ్గరికి వెళ్తున్నాను.